తీగల్లోకి చొరబడే గోల: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒక పరికరం పనిచేస్తుంటే పక్కనున్న ఇంకో పరికరం తికమకపడుతోందంటూ చాలామంది రాశారు. దీన్నే విద్యుదయస్కాంత అంతరాయం అంటారు. ఏ ఫిర్యాదైనా సరే, మూడు సంగతులు తేల్చుకోవాలి: గోల ఎక్కడ పుడుతోంది, ఏ దారిన వస్తోంది, దేన్ని ఇబ్బంది పెడుతోంది. మొదటిదీ మూడోదీ సాధారణంగా కళ్లెదుటే ఉంటాయి. చిక్కంతా దారితోనే. అది నాలుగు రకాలు. తీగ వెంట నేరుగా రావచ్చు. పక్కపక్క తీగల మధ్య ఉండే కెపాసిటెన్స్ గుండా దూకవచ్చు. ఒక తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఇంకో తీగల చుట్టులో వోల్టేజిని ప్రేరేపించవచ్చు. లేదా రేడియో తరంగంగా గాలిలో రావచ్చు. దారి తెలియకుండా ఫిల్టర్లు, ఫెర్రైట్లు (గోల కరెంటును అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగులు) తెచ్చి తగిలిస్తే డబ్బు దండగ. అందుకే కింది జవాబుల్లో ముందు దారి కనిపెట్టే పరీక్ష ఉంటుంది, ఆ తర్వాతే మందు. లెక్కలన్నీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సరఫరాకు వేసినవి. స్విచ్‌బోర్డు తెరవమని ఎక్కడ చెప్పినా, మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే తెరవండి. వైరింగు పని అలవాటు లేనివారు ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ప్రశ్న: స్విచ్చు ఆపేసినా ఎల్‌ఇడి బల్బు సన్నగా వెలుగుతూనే ఉంటుంది. ఇంకో గదిలో బల్బు రెండు మూడు సెకన్లకోసారి మిణుక్కుమంటుంది. బల్బులు మార్చి చూశాం, మార్పు లేదు. ఎందుకిలా?

జవాబు: మొదట స్విచ్చు ఫేజు తీగను తెంపుతోందో, న్యూట్రల్‌ను తెంపుతోందో చూడండి. న్యూట్రల్‌ను తెంపుతుంటే బల్బు ఆరినా హోల్డరులో ఫేజు ఉంటుంది. బల్బు మార్చబోయినవారికి షాకు కొడుతుంది. ఇది గోల సమస్య కాదు, వైరింగు తప్పు. వెంటనే సరిచేయించాలి. రెండోది, స్విచ్చులో నియాన్ దీపం ఉందేమో చూడండి. ఆ దీపం వెలగాలంటే కరెంటు బల్బు గుండానే పోవాలి. ఆ కాస్త కరెంటే బల్బును మేల్కొలుపుతుంది.

ఈ రెండూ కాకపోతే కారణం తీగల మధ్య కెపాసిటెన్స్. ఎప్పుడూ కరెంటుండే ఫేజు తీగ, స్విచ్చు నుంచి బల్బుకు పోయే తీగ ఒకే పైపులో పక్కపక్కన నడుస్తాయి. అలాంటి జంటకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. 10 మీటర్ల పరుగుకు అది 1 నానోఫారడ్. 50 హెర్ట్జ్ దగ్గర దాని అవరోధం దాదాపు 3.2 మెగా ఓములు, అంటే పారే కరెంటు 72 మైక్రో ఆంపియర్లు. పాతకాలపు ఫిలమెంటు బల్బుకు ఇది లెక్కలోకే రాదు. ఎల్‌ఇడి బల్బు లోపల మాత్రం రెక్టిఫయరు, దాని వెనక కెపాసిటరు ఉంటాయి. ఆ 72 మైక్రో ఆంపియర్లు కెపాసిటరును మెల్లగా నింపుతాయి. అది కొంత స్థాయికి చేరగానే డ్రైవరు, అంటే ఎల్‌ఇడికి కరెంటు అందించే లోపలి సర్క్యూట్, లేచి ఒక్క మెరుపు మెరిసి మళ్లీ పడుకుంటుంది. సెకన్లకోసారి మిణుక్కుమనడం వెనకున్న కథ ఇది.

మందు తేలిక. బల్బు రెండు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 తరగతి కెపాసిటరు పెట్టండి. దాని అవరోధం 32 కిలో ఓములే కాబట్టి దొంగ వోల్టేజి మొత్తం కూలి 2 వోల్టుల చుట్టుపక్కలకు పడిపోతుంది. డ్రైవరు ఇక లేవదు. కెపాసిటరుకు వరుసలో 100 ఓముల రెసిస్టరు వేస్తే స్విచ్చు వేసిన క్షణంలో ఉరికే కరెంటు తగ్గుతుంది. సమాంతరంగా 1 మెగా ఓము వేస్తే స్విచ్చు ఆపాక కెపాసిటరులో మిగిలిన చార్జి ఖాళీ అవుతుంది. ఒకే స్విచ్చు మీద ఐదారు బల్బులున్నా ఒక్క కెపాసిటరు చాలు. 400 వోల్టులని రాసి ఉన్న మామూలు కెపాసిటరు మాత్రం పెట్టొద్దు. ఎక్స్2 రకం లైను మీద వచ్చే పోటు వోల్టేజిలకు పరీక్ష చేసినది. మామూలుది ఏదో ఒకరోజు షార్టయి కాలిపోతుంది.

ఇందులోనే ఇంకో చిక్కు. ఆపేసిన తీగ మీద డిజిటల్ మీటరు పెడితే వంద వోల్టులకు పైగా చూపించవచ్చు. మీటరు అవరోధం 10 మెగా ఓములు కావడం వల్ల అది ఈ దొంగ వోల్టేజిని అలాగే చదువుతుంది. ఆ రెండు కొనల మధ్య ఒక ఫిలమెంటు బల్బు తగిలించి మళ్లీ చూడండి. సున్నాకు పడిపోతే అది కెపాసిటెన్స్ వోల్టేజి. పడకపోతే ఎక్కడో నిజంగానే ఫేజు తగులుతోంది.

ప్రశ్న: ఎల్‌ఇడి దీపాలు వేయగానే రేడియోలో మీడియం వేవ్ స్టేషన్లన్నీ జుయ్యిమనే శబ్దంలో మునిగిపోతున్నాయి. ఎఫ్‌ఎం మాత్రం బాగానే ఉంది.

జవాబు: దీపంలో ఉండే డ్రైవరు కరెంటును సెకనుకు కొన్ని పదివేలసార్లు తెంపి కలుపుతుంది. ఉదాహరణకు 60 కిలోహెర్ట్జ్ దగ్గర తెంపుతుందనుకుందాం. దాని పదో గుణిజం 600, పదకొండోది 660, తర్వాత 720. అన్నీ మీడియం వేవ్ బ్యాండులోనే పడతాయి. ఎఫ్‌ఎం ఉండేది వంద మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో. అక్కడికి చేరేసరికి ఈ గుణిజాలు బాగా బలహీనపడతాయి, పైగా ఎఫ్‌ఎం రిసీవరు సిగ్నల్ ఎత్తులో వచ్చే మార్పులను పట్టించుకోదు. డయలు తిప్పుతూ గోల ఎక్కడెక్కడ హెచ్చుతోందో రాసుకోండి. ఆ చోట్ల మధ్య దూరమే తెంపే పౌనఃపున్యం. రెండు దీపాలకు రెండు వేర్వేరు దూరాలు వస్తే దోషి ఏదో కూడా తెలిసిపోతుంది.

దారి కనిపెట్టడానికి రేడియోను బ్యాటరీల మీద నడపండి. గోల పోతే అది అడాప్టరు తీగ వెంట వస్తోంది. ఉంటే గాలిలో వస్తోంది. గాలిలో వచ్చేదానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. మీడియం వేవ్ యాంటెన్నా రేడియో లోపల పడుకోబెట్టిన ఫెర్రైట్ కడ్డీ. ఆ కడ్డీ కొన ఏ దిక్కుకు తిరిగి ఉంటే ఆ దిక్కు నుంచి వచ్చేది అతి తక్కువగా వినిపిస్తుంది. రేడియోను బల్లమీదే మెల్లగా తిప్పుతూ గోల కనిష్ఠంగా ఉన్న కోణంలో వదిలేయండి. స్టేషను వేరే దిక్కున ఉంటే స్పష్టంగా వస్తుంది.

అది చాలకపోతే దీపానికి పోయే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఒక ఫెర్రైట్ రింగు చుట్టూ చుట్టండి. రెండు తీగలూ ఒకే దిశలో పోవాలి. అప్పుడు దీపం కరెంటు ఎదురెదురుగా పారి రద్దవుతుంది కాబట్టి కోరు (రింగు) సంతృప్తం కాదు, అంటే పట్టగలిగినంత అయస్కాంతంతో నిండిపోదు, రెండింటిలో ఒకే దిశలో పరిగెత్తే గోల కరెంటుకు మాత్రమే అడ్డు పడుతుంది. చాలామంది చేసే పొరపాటు క్లిప్పులా బిగించే ఫెర్రైట్‌ను ఒక్కసారి తగిలించి ఊరుకోవడం. 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క పోకకు వచ్చే అవరోధం చాలా తక్కువ. చుట్ల సంఖ్య వర్గం చొప్పున అది పెరుగుతుంది, ఐదు చుట్లకు 25 రెట్లు. రంధ్రంలోంచి తీగ ఎన్నిసార్లు దూరిందో అన్ని చుట్లు. మీడియం వేవ్‌కు మాంగనీస్‌–జింక్ రకం ఫెర్రైట్ తీసుకోండి. నికెల్–జింక్ రకం పదుల మెగాహెర్ట్జ్ నుంచి పైకి బాగా పనిచేస్తుంది. రింగును దీపానికి ఆనుకుని పెట్టాలి, రేడియో దగ్గర కాదు. దీపం నుంచి పోయే తీగే యాంటెన్నాగా మారి గోలను వెదజల్లుతుంది, దాన్ని మొదట్లోనే తుంచాలి.

కొత్త దీపాలు కొనేటప్పుడు సిస్పర్ 15 ప్రమాణానికి సరిపోయినవేనా అని చూడండి. సిస్పర్ అనే అంతర్జాతీయ సంఘం 1934లో పుట్టిందే రేడియో వినేవారిని ఇలాంటి గోల నుంచి కాపాడడానికి. ఆ సంఘం పెట్టిన హద్దులు పాటించాలంటే దీపంలో ఒక చిన్న కాయిలు, ఒక కెపాసిటరు ఉండాలి. నాసిరకం దీపాల్లో ఖర్చు తగ్గించడానికి మొట్టమొదట వదిలేసే భాగాలు అవే.

ప్రశ్న: కరెంటు తీగల పక్కనుంచి పోయే మైకు తీగకు వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టాను. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) రవ్వంత కూడా తగ్గలేదు. రేకు పలుచనవడం వల్లా?

జవాబు: అవును, అయితే మీరనుకున్నదానికన్నా చాలా పలుచన. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం రాగిలోనైనా 9 మిల్లీమీటర్ల లోతుకు పోతేనే మూడో వంతుకు తగ్గుతుంది. అల్యూమినియంలో ఇంకా ఎక్కువ లోతు కావాలి. మీ రేకు మందం మిల్లీమీటరులో వందో వంతు రెండు మూడు ఉంటుంది. అదే 1 మెగాహెర్ట్జ్ దగ్గర రాగికి 0.07 మిల్లీమీటరు చాలు. అంటే రేకు రేడియో గోలకు పనికొస్తుంది, ఎర్త్‌కు కలిపితే కెపాసిటెన్స్ ద్వారా దూకేదానికీ పనికొస్తుంది. కరెంటు హమ్ అయస్కాంతం దారిన వస్తే దానికి మందులు రెండే: దూరం, మెలిక. మెలిపెట్టిన జంట తీగ, బ్యాలన్స్‌డ్ కనెక్షను వాడండి. ప్రతి మెలికలో ప్రేరేపితమయ్యే వోల్టేజిని పక్క మెలిక రద్దు చేస్తుంది. కరెంటు తీగను దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ను యాంప్లిఫయరుకు కలిపి పాటలు పెడితే వెనక హమ్ వస్తోంది. చార్జరు ప్లగ్గు పీకితే పోతుంది. చార్జరు మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, టేపు చుట్టి వాడమని ఒకరన్నారు. చేయవచ్చా?

జవాబు: చేయకండి. హమ్ పోతుంది గానీ, చార్జరులో ఫేజు లోపలి మెటల్‌కు తగిలిన రోజున ల్యాప్‌టాప్ ఒంటిమీద 230 వోల్టులు నిలబడతాయి. ఎర్త్ ఉంటే బ్రేకరు పడేది. లేదు కాబట్టి పడదు, చేయి వేసినవారి గుండానే కరెంటు పోతుంది.

చార్జరు పీకితే హమ్ పోవడమే మీ సమస్య ఏమిటో చెప్పేసింది: ఎర్త్ లూపు. ల్యాప్‌టాప్ చార్జరు ద్వారా ఎర్త్‌కు, యాంప్లిఫయరు తన ప్లగ్గు ద్వారా ఎర్త్‌కు కలిసి ఉన్నాయి. వాటి మధ్య ఆడియో తీగ షీల్డు, అంటే తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు, మూడో లంకె. మొత్తం ఒక పెద్ద చుట్టు అయింది. దాని వైశాల్యం 2 చదరపు మీటర్లనుకోండి, గదిలో 1 మైక్రో టెస్లా క్షేత్రం ఉందనుకోండి. చుట్టులో పుట్టేది 0.6 మిల్లీ వోల్టు. అందులో సగం షీల్డు మీద పడినా 0.3 మిల్లీ వోల్టు నేరుగా పాటతో కలిసిపోతుంది. ఇళ్లలో వాడే ఆడియో లైను స్థాయి 316 మిల్లీ వోల్టులు. దానిలో వెయ్యో వంతు హమ్, పాట ఆగిన నిశ్శబ్దంలో చక్కగా వినిపిస్తుంది.

సరిచేసే వరుస చెబుతాం. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. చుట్టు చిన్నదవుతుంది, రెండు ఎర్త్ పాయింట్ల మధ్య తేడా పోతుంది. చాలాసార్లు ఇక్కడితోనే తీరిపోతుంది. తీరకపోతే ఆడియో తీగ మధ్యలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. పాట అయస్కాంతం దారిన దాటుతుంది, ఎర్త్ లంకె తెగుతుంది. చవకరకం వాటిలో బరువైన బేస్ శబ్దాలు కాస్త పలుచబడతాయి, అది తెలిసి తీసుకోండి. యాంప్లిఫయరుకు టీవీ కూడా కలిసి ఉంటే యాంటెన్నా తీగను పీకి చూడండి. బయటి ఎర్త్ ఆ తీగ వెంట లోపలికి రావడం తరచూ జరుగుతుంది. దానికి యాంటెన్నా ఐసొలేటరు వేరే దొరుకుతుంది.

తీగలన్నీ పీకేసినా హమ్ వస్తుంటే అది లూపు కాదు. యాంప్లిఫయరు ఇన్‌పుట్‌ను షార్టు చేసిన ప్లగ్గుతో మూసి వినండి. అప్పటికీ గరగరలాడే 100 హెర్ట్జ్ శబ్దం వస్తే పవర్ సప్లైలో ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయాయి. హమ్ బదులు సన్నటి జిర్రుమనే శబ్దం వచ్చి, ఫ్యాను రెగ్యులేటరు తిప్పినకొద్దీ మారుతుంటే నేరం రెగ్యులేటరులోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చుది. అర చక్రం మధ్యలో వోల్టేజి 325 శిఖరం మీదుండగా అది ఒక్కసారిగా కలుపుతుంది. రెగ్యులేటరు లోపల 100 మైక్రో హెన్రీల కాయిలు వరుసలో, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 అడ్డంగా ఉంటే 50 కిలోహెర్ట్జ్ పైనున్న గోల బాగా అణుగుతుంది. అంచెలంచెలుగా తిరిగే కెపాసిటరు రకం రెగ్యులేటరు పెట్టుకుంటే ఆ బెడదే ఉండదు.

ప్రశ్న: ఫోను స్పీకరు దగ్గర పెడితే కాల్ వచ్చే ముందు టకటకటక మంటుంది. ఫోను చెడిపోయిందా?

జవాబు: లేదు. 2జి పద్ధతిలో ఫోను ఏకధాటిగా కాకుండా 4.6 మిల్లీ సెకన్లకోసారి పేలికలుగా ప్రసారం చేస్తుంది, అంటే సెకనుకు 217 సార్లు. స్పీకరు లోపలి యాంప్లిఫయరులో మొదటి ట్రాన్సిస్టరు ఆ రేడియో పేలికలను డిటెక్టరులా పనిచేసి శబ్దంగా మారుస్తుంది. ఫోనును మీటరు దూరం జరపండి. స్పీకరు మీరే విప్పగలిగితే ఇన్‌పుట్ దగ్గర, సిగ్నల్‌కూ గ్రౌండుకూ మధ్య 100 పికోఫారడ్ల సిరామిక్ కెపాసిటరు అతికించండి. కాళ్లు వీలైనంత పొట్టిగా ఉంచండి.

ప్రశ్న: మైక్రోకంట్రోలరుతో నీటి పంపు ఆటోమేటిక్ బోర్డు చేశాను. కాంటాక్టర్ (మోటారును కలిపి తెంపే పెద్ద రిలే) ఆగినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోంది. కలిసేటప్పుడు ఏమీ కావడం లేదు.

జవాబు: ఆగేటప్పుడే రావడం మంచి ఆధారం. కాయిలులో పారే కరెంటును ఒక్కసారిగా తెంపితే, దాన్ని పారేలా ఉంచడానికి కాయిలు ఎంత వోల్టేజినైనా పుట్టిస్తుంది. 24 వోల్టుల కాయిలు కొనల మీద కూడా వందల వోల్టులు లేస్తాయి. ఆ కాయిలుకు కరెంటిచ్చే బోర్డు రిలేలో విడిపోతున్న కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు పదేపదే రాజి ఆరుతుంటాయి. ఒక్కో రవ్వా ఒక చిన్న రేడియో ట్రాన్స్‌మిటరే.

కాయిలు డి.సి. అయితే 1ఎన్4007 డయోడును తిరగేసి కాయిలు కొనలకు కట్టండి, గీత ఉన్న కొన ప్లస్‌కు. దీనితో కాంటాక్టర్ వదిలే సమయం కొన్ని రెట్లు పెరుగుతుంది. పంపుకు అది ఇబ్బంది కాదు. త్వరగా వదలాల్సిన చోట డయోడుకు వరుసలో 24 లేదా 33 వోల్టుల జీనరును ఎదురుమొహంగా వేయండి. కాయిలు 230 వోల్టుల ఎ.సి. అయితే డయోడు వేయకూడదు, వేస్తే మొదటి అర చక్రంలోనే పేలుతుంది. దానికి 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 వరుసలో కలిపిన స్నబ్బరు వేయండి. పక్కనే 275 వోల్టుల ఎ.సి. వేరిస్టరు ఉంటే ఇంకా మేలు.

రెండు పొరపాట్లు జాగ్రత్త. ఒకటి, స్నబ్బరును బోర్డు మీద పెట్టడం. కాయిలుకూ బోర్డుకూ మధ్యనున్న తీగంతా అప్పుడు యాంటెన్నాగా మిగిలిపోతుంది. కాయిలు టెర్మినళ్ల మీదే బిగించాలి. రెండు, స్నబ్బరును కాయిలుకు బదులు రిలే కాంటాక్టుల మీద పెట్టడం. కాంటాక్టు తెరిచి ఉన్నా దాని గుండా 7 మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి. చిన్న రిలేలను వదలనివ్వకుండా పట్టుకోవడానికి అది చాలు. పైన చెప్పిన ఎల్‌ఇడి బల్బునైతే రాత్రంతా వెలిగిస్తుంది.

ఆ తర్వాత బోర్డు సంగతి. రీసెట్ పిన్నుకు 10 కిలో ఓముల పుల్‌అప్, అదే పిన్ను నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్. ప్రతి ఐసీ పవర్ పిన్నులకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సిరామిక్. రిలే కాయిలుకు గ్రౌండు తీగ పవర్ సప్లై దాకా విడిగా పోవాలి, మైక్రోకంట్రోలరు గ్రౌండు మీదుగా కాదు. ట్యాంకు నుంచి వచ్చే సెన్సరు తీగలను మోటారు తీగలతో ఒకే పైపులో లాగి ఉంటే విడదీయండి. ఆ తీగలకు ఆప్టోకప్లరు (సిగ్నల్‌ను వెలుతురుగా మార్చి దాటించే భాగం) పెట్టడం అదనపు రక్షణ. ఎవరో చెప్పారని ప్రోగ్రాములో ఆలస్యాలు పెంచుకుంటూ పోకండి, రీసెట్ అయ్యే చిప్పుకు ప్రోగ్రాము ఏ సాయమూ చేయలేదు.

ప్రశ్న: మూడు ఫేజుల మోటారుకు వేగం మార్చే డ్రైవ్ బిగించాం. అప్పటి నుంచి 4–20 మిల్లీ ఆంపియర్ల ప్రెషర్ సెన్సరు రీడింగు కుదురుగా ఉండడం లేదు. సెన్సరు మార్చాం, షీల్డు ఉన్న కేబులు వేశాం. ఫలితం లేదు.

జవాబు: సెన్సరు వైపు కాదు, మోటారు కేబులు వైపు మొదలుపెట్టండి. 400 వోల్టుల డ్రైవ్ లోపల డి.సి. 560 వోల్టులకు పైగా ఉంటుంది. దాన్ని సుమారు 100 నానో సెకన్లలో కలిపి తెంపుతుంది, సెకనుకు కొన్ని వేలసార్లు. మోటారు కేబులుకు, మోటారు వైండింగుకు ఎర్త్‌తో కెపాసిటెన్స్ ఉంటుంది. ప్రతి నానోఫారడ్‌కూ ప్రతి కుదుపులో 5 ఆంపియర్లకు పైగా కరెంటు ఎర్త్‌లోకి దూకాలని చూస్తుంది. దూకిన కరెంటు ఎలాగైనా డ్రైవ్‌కే తిరిగి చేరాలి. మీరు దానికి దగ్గరి దారి ఇవ్వకపోతే అది ఎర్త్ పట్టీలు, పైపులు, మీ సెన్సరు షీల్డు వెతుక్కుంటూ వస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కింద చెప్పే పనులన్నీ ఎందుకో తెలిసిపోతుంది.

డ్రైవ్ నుంచి మోటారు దాకా షీల్డు ఉన్న కేబులు వేయండి. షీల్డును రెండు కొసలా, చుట్టూతా పట్టే మెటల్ గ్లాండు లేదా క్లాంపుతో బిగించండి. షీల్డును మెలిపెట్టి జడలా చేసి ఒక స్క్రూకు కట్టడం అన్నిచోట్లా కనిపించే తప్పు. 10 సెంటీమీటర్ల జడకు దాదాపు 100 నానో హెన్రీల ఇండక్టెన్స్. 3 మెగాహెర్ట్జ్ దగ్గర అది 2 ఓములు, 30 దగ్గర 19 ఓములు. మిల్లీ ఓముల్లో ఉండాల్సిన దారి అలా మూసుకుపోతుంది. మీటరుతో చూస్తే సున్నా ఓములే చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. డ్రైవ్‌నూ, ఇన్‌పుట్ ఫిల్టరునూ ఒకే మెటల్ ప్లేటు మీద, రంగు గీకి, లోహానికి లోహం ఆనేలా బిగించండి. రంగు పూసిన ప్లేటు మీద ఫిల్టరు ఉన్నా లేనట్టే.

సెన్సరు కేబులును మోటారు కేబులుకు 300 మిల్లీమీటర్లు తగ్గకుండా దూరం జరపండి. అది మెలిపెట్టిన జంట అయి ఉండాలి. దాని షీల్డు ఎక్కడ ఎర్త్ చేయాలన్నది ఎప్పుడూ వాదనే. ఒక కొస ఎర్త్ చేస్తే 50 హెర్ట్జ్ లూపు రాదు గానీ మెగాహెర్ట్జ్ గోలకు షీల్డు సగమే పనిచేస్తుంది. కంట్రోలు ప్యానెల్ వైపు నేరుగా, సెన్సరు వైపు 10 నానోఫారడ్ కెపాసిటరు ద్వారా ఎర్త్ చేస్తే రెండు ప్రయోజనాలూ దక్కుతాయి.

ఇంకా మిగిలితే డ్రైవ్ సెట్టింగుల్లో క్యారియర్ పౌనఃపున్యం, అంటే సెకనుకు కలిపి తెంపే సంఖ్య, తగ్గించండి. 12 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కు దించితే కుదుపుల సంఖ్య మూడో వంతు అవుతుంది. మోటారు కాస్త కీచుమంటుంది. డ్రైవ్ అవుట్‌పుట్ దగ్గర ఫెర్రైట్ కోరు వేస్తే మూడు ఫేజులూ కలిపి అందులోంచి పోనివ్వండి, ఎర్త్ తీగనూ షీల్డునూ మాత్రం బయటే ఉంచండి. వాటినీ దూర్చితే వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు రద్దయి కోరు నిద్రపోతుంది. రీడింగును సగటు తీసే సెట్టింగు చిట్టచివర. దాన్ని ముందే పెంచితే తప్పు దాగిపోతుంది, అసలు ప్రెషర్ పడిపోయినప్పుడు ఆలస్యంగా తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు వినికిడి యంత్రాన్ని ‘టి’ స్థానంలో పెడితే ఒక్క హాల్లోనే హమ్ వస్తుంది. మిగతా గదుల్లో రాదు. హాల్లో పెద్ద పరికరాలేమీ లేవు.

జవాబు: ‘టి’ స్థానంలో యంత్రం మైకును వదిలి లోపలి చిన్న కాయిలుతో అయస్కాంత క్షేత్రాన్ని వింటుంది. అంటే మీ నాన్నగారి దగ్గరున్నది చక్కని కొలత పరికరం. అది హాల్లో వైరింగు తప్పు ఉందేమోనని చెబుతోంది, కొట్టిపారేయకండి.

ఫేజు, న్యూట్రల్ పక్కపక్కన నడిస్తే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 10 ఆంపియర్లు పారే తీగ ఒంటరిగా ఉంటే మీటరు దూరంలో 2 మైక్రో టెస్లాలు. అదే 10 ఆంపియర్లు సెంటీమీటరు ఎడంలో వెళ్లి తిరిగొచ్చే జంట అయితే 0.02, అంటే నూరో వంతు. ఫేజు ఒక గోడ వెంట వెళ్లి, న్యూట్రల్ ఇంకో గోడ వెంట తిరిగొస్తే హాలు మొత్తం ఒక పెద్ద కాయిలు అయిపోతుంది. మెట్ల దీపానికి రెండు స్విచ్చులు పెట్టినప్పుడు ఫేజు కింది సర్క్యూట్‌ది, న్యూట్రల్ పై సర్క్యూట్‌ది వాడడం, జంక్షన్ బాక్సులో రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిపేయడం, న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగలడం, ఇవీ మామూలు కారణాలు.

పరీక్షకు క్లాంపు మీటరు చాలు. డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఒక్కో సర్క్యూట్ ఫేజును, న్యూట్రల్‌ను కలిపి క్లాంపులో పెట్టండి. సున్నా రావాలి. 2 ఆంపియర్లు చూపిస్తే ఆ 2 ఆంపియర్లు ఇంకెక్కడి నుంచో తిరిగొస్తున్నాయి. అనుమానమున్న రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లను మెయిన్ ఆపి బార్ నుంచి విప్పండి, పరికరాలన్నీ పీకండి, వాటి మధ్య కంటిన్యుటీ చూడండి. ఉండకూడదు. ఉంటే జంక్షన్ బాక్సులు వరుసగా తెరిచి కలిసిన చోటు పట్టుకోవాలి. హమ్ కోసం కాకపోయినా ఇది సరిచేయాల్సిందే. అలా కలిసిన న్యూట్రల్‌ను ఒక బ్రేకరు ఆపి విప్పితే, రెండో సర్క్యూట్ లోడు గుండా ఆ కొనకు కరెంటు వచ్చి పనిచేసేవారికి తగులుతుంది.

తప్పేమీ దొరక్కపోతే గోడకు అటువైపు చూడండి. ఇన్వర్టరు, స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మర్ల క్షేత్రం దూరం ఘనం చొప్పున తగ్గుతుంది. మీటరు దూరంలో ఉన్నదాన్ని రెండు మీటర్లకు జరిపితే ఎనిమిదో వంతు అవుతుంది.

ప్రశ్న: యుఎస్‌బి 3 హార్డ్‌డిస్కు తగిలించగానే వైర్‌లెస్ మౌసు తడబడుతోంది.

జవాబు: యుఎస్‌బి 3 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపేటప్పుడు వెలువడే గోల 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ కూడా పరుచుకుంటుంది. మౌసు రిసీవరు వినేది అక్కడే. రిసీవరును అర మీటరు పొడవున్న యుఎస్‌బి 2 ఎక్స్‌టెన్షన్ తీగతో డిస్కుకు దూరంగా, మౌసుకు దగ్గరగా తెచ్చుకోండి. వైఫై కూడా నెమ్మదిస్తుంటే దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

ప్రశ్న: కంప్యూటర్లున్న గదిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి ఏ తప్పూ లేకుండానే పడిపోతోంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మరీ ఎక్కువ. 100 మిల్లీ ఆంపియర్లది వేయమంటున్నారు.

జవాబు: వేయకండి. మనిషి ప్రాణాన్ని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లదే. 100, 300 మిల్లీ ఆంపియర్లవి అగ్నిప్రమాదాల రక్షణకు.

ఆర్‌సిసిబి అంటే ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతే, అంటే ఎర్త్‌కు కారిపోతుంటే, సరఫరా తెంపే స్విచ్చు. మీ గదిలో కారుతున్నది గోలను అణచడానికి పెట్టిన భాగాల గుండానే. ప్రతి కంప్యూటరు పవర్ సప్లైలో ఫేజు నుంచి ఎర్త్‌కు వై తరగతి కెపాసిటరు ఉంటుంది. 4.7 నానోఫారడ్‌కు 0.34 మిల్లీ ఆంపియర్లు కారుతాయి. మానిటరు, ప్రింటరు, ఫిల్టరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కలుపుకుంటే ఒక్కో బల్లకు 1 మిల్లీ ఆంపియరు తేలిగ్గా అవుతుంది. పది బల్లలకు 10. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు, ప్రమాణం దానికి ఆ వెసులుబాటు ఇచ్చింది. కరెంటు వచ్చిన క్షణంలో ఈ కెపాసిటర్లన్నీ ఒకేసారి నిండుతాయి, ఆ కుదుపుకు ఆర్‌సిసిబి పడిపోతుంది.

ముందు నిజమైన లీకేజి లేదని రూఢి చేసుకోండి. ప్లగ్గులన్నీ పీకి, మెయిన్ ఆపి, ఫేజు–న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ అవరోధం కొలిచే పరికరం) పెట్టండి. 1 మెగా ఓముకు తగ్గితే వైరింగులోనే లోపం ఉంది. పరికరాలు తగిలించి ఉండగా మెగ్గర్ తిప్పకండి, పవర్ సప్లైలు దెబ్బతింటాయి. వైరింగు బాగుంటే మిల్లీ ఆంపియర్లు చదివే లీకేజి క్లాంపులో ఫేజు, న్యూట్రల్ కలిపి పెట్టి, బల్లలు ఒక్కొక్కటీ కలుపుతూ రాసుకోండి. ఏదో ఒకటి అసాధారణంగా 3, 4 మిల్లీ ఆంపియర్లు కారుస్తుంటే దాని ఫిల్టరు చూడాలి. అన్నీ సమానంగా ఉంటే గదిని రెండు మూడు సర్క్యూట్లుగా విడగొట్టి ఒక్కోదానికి వేరే ఆర్‌సిసిబి ఇవ్వండి. ఎప్పుడూ ఉండే లీకేజి ఒక్కోదాని మీద 9 మిల్లీ ఆంపియర్లు దాటకుండా పంచండి. కంప్యూటర్లకు ఎ రకం ఆర్‌సిసిబి తీసుకోండి. రెక్టిఫయరు వల్ల ఒక వైపుకే పారే లీకేజినీ అది గుర్తిస్తుంది, పాత ఎ.సి. రకం గుర్తించకపోవచ్చు.

కొందరు విసిగి కంప్యూటర్ల ఎర్త్ తీగ విప్పేస్తారు. అప్పుడు ఆర్‌సిసిబి పడదు. కానీ ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యనున్న రెండు వై కెపాసిటర్లు వోల్టేజిని సగానికి పంచి, కంప్యూటరు పెట్టెను 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. చేయి వేస్తే చిమచిమలాడేది అదే. మీ గదిలో ఏ పెట్టె మీదైనా ఆ చిమచిమ ఉంటే, ఆర్‌సిసిబి కన్నా ముందు ఆ సాకెట్టు ఎర్త్ పిన్నుకు నిజంగా ఎర్త్ వస్తోందో లేదో చూడండి.